పిడికెడు బియ్యం

శుక్రవారం, మార్కాపురం.

డిగ్రీ అయ్యాక నన్ను ఆఫ్రికాలోని మిషన్ బడికి పంపుతానని మా పాస్టరు మాటిచ్చి, చివరి వారంలో తప్పాడు. ఇన్నేళ్లకు నా కూతురి బిడ్డ కీర్తనకు అక్కడి ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. నర్సింగ్ అయిపోయింది. జీతం లేకుండా ఐదేళ్ల సేవ. వెళ్తుందో లేదో ఆదివారం గుడిలో లేచి నిలబడి చెప్పాలి.

పొద్దున కూతురు ఫోన్ చేసింది. "నాయనా, నువ్వు చెప్తే ఇంటది. ఎట్లైనా ఆపు."

మధ్యాహ్నం పిల్ల వచ్చింది.

"ఇన్ని పుస్తకాలు చదివినావు కదా తాతా, నువ్వే చెప్పు. పోనా, వద్దా?"

"మన పుల్లలచెరువులో రోగులు అయిపోయినారా?"

"ఆడైతే నర్సులే లేరంట తాతా."

"నీ టికెట్టు ఎక్కడిదో తెలుసా? మన సంఘం ఆడోళ్లు పూటపూటా ఎసట్లో పోసే ముందు గుడి కోసం పక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు. కూలోళ్ల నోటికాడ కూడు లాక్కొని ఇమానం ఎక్కుతావా?"

"పోనని చెప్తాలే," అని టీ తాగకుండానే వెళ్లిపోయింది.

ఆ బియ్యం ఇచ్చిన ఆడవాళ్లు కీర్తనను చూసి ఎంత మురిసిపోతున్నారో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమెను ఆపగలిగే మాట అదొక్కటే.

సాయంత్రం కూతురు మళ్లీ ఫోన్ చేసి, సంతోషంతో ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే ఒళ్లు మండింది. ఒకప్పుడు ఇలాగే ఏడ్చి, పాస్టరు కాళ్లు పట్టుకుని, నాకు తెలియకుండా నా పేరు కొట్టేయించిన మనిషి ఉంది. పాస్టరును ఎప్పుడో క్షమించాను. చచ్చి ముప్పై ఏళ్లయినా ఆమెను మాత్రం క్షమించలేదు.

మా అమ్మ రూతమ్మను.