కుట్లు విప్పిన వంజరం

ఆదివారం, రాత్రి

పులుసు వాసన ఇంకా ఇల్లు వదల్లేదు.

పొద్దున్న మరిది అప్పన్న హార్బర్ నుంచి వంజరం చేప పంపాడు. వాళ్ళన్నని జైల్లో పెట్టాక మా ఇంటికి వాడు ఏదైనా పంపడం ఇదే మొదలు. కత్తిపీట ముందేసుకుని చూస్తే పొట్ట అప్పటికే కోసి ఉంది. కోత పొడవునా వల దారంతో కుట్టి, విప్పేసిన చిల్లులు.

మా పడవలో పోలీసులకి గంజాయి పొట్లాలు దొరికింది కూడా ఇలా కుట్టిన చేపల్లోనే. తనకేమీ తెలియదని అప్పన్న ఆ రోజు అమ్మవారి మీద ఒట్టేశాడు. పడవ మా ఆయన పేరున ఉందని ఆయన్ని తీసుకుపోయారు. వీడు మానలేదు. సరుకు తీసేసుకుని, మిగిలిన చేపని మా పిల్లకి పెట్టమని పంపాడు. ఛీ.

అత్త కూడా ఆ చిల్లులు చూసింది. చూసి, మసాలా నూరడానికి కూర్చుంది.

"అత్తా, సూసావా ఇది?"

"సూసాను. ఒక కొడుకు లోపలున్నాడు. రెండోవోడ్ని కూడా పంపీమంటావేటే? ముక్కలు కొయ్యి."

కోశాను. నా చేతులంటే నాకే రోతగా ఉంది. పాప ఇంకో ముక్క అడిగి మరీ తింది.

సాయంత్రం వాడే ఫోన్ చేశాడు.

"వదినా, సేప బాగుందా?"

"కుట్లు బాగా విప్పావు, అప్పన్నా."

మెల్లగా, "అన్నకి సెప్పకు వదినా" అన్నాడు.

రేపు జైల్లో ములాఖత్, ఆయన్ని చూడ్డానికి వెళ్ళాలి. ఇనప జాలీ అవతల నిలబడి ఆయన ప్రతిసారీ మొదట అడిగేది ఒక్కటే: "తమ్ముడు బాగున్నాడా?"