తేజ్‌పూర్ నుంచి బళ్లారికి

విడపనకల్లు,
1-12-1962, శనివారం.

అన్నకు,

పక్క గదిలో ఉన్న నీకు ఉత్తరం రాస్తున్నందుకు నవ్వకు. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం నాకు లేదు.

"మావోడు మొన్న పొద్దున తేజ్‌పూర్‌లో కాఫీ తాగి, మధ్యాన్నానికి బళ్లారిలో దిగినాడు" అని అమ్మ బావి దగ్గర అందరికీ చెబుతోంది. "అట్లయితే వదినా, ఆ ఇమానంలోనే అస్సాం నీళ్లు రెండు బిందెలు తెప్పీ" అంది మారెక్క. అందరూ నవ్వారు. నేను ఇంటికి వచ్చి అట్లాసు తెరిచాను.

దారం పెట్టి కొలిస్తే పదమూడు వందల మైళ్లు వచ్చింది. నువ్వు రిపేరు చేసే డకోటా విమానాలు గంటకు నూటఅరవై మైళ్లు పోతాయని కిందటేడు నువ్వే రాశావు. ఎక్కడా దిగకుండా వచ్చినా ఎనిమిది గంటలు. పైగా నీ చొక్కా ఉతికితే కాలరులోంచి రైలింజను మసి వచ్చింది. సెలవు కాగితం గురించి అడిగితే నాయనను కసిరావు.

చైనా యుద్ధానికి భయపడి, చెప్పకుండా వచ్చేశావని నా అనుమానం.

రేపు నాయన చర్చిలో లేచి, "సర్కారే నా కొడుకును విమానంలో పంపినాది" అని సాక్ష్యం చెప్పబోతున్నాడు. ఆయన నోట ఇంతవరకు అబద్ధం రాలేదు.

నా లెక్క తప్పయితే దిద్ది, ఈ కాగితం అట్లాసులో పెట్టు. కాకపోతే, మీ ఎయిర్‌ఫోర్సు వాళ్లు వెతుక్కుంటూ రాకముందే నువ్వే వెళ్లి ఒప్పుకో. పొద్దున ఆరింటికి గుంతకల్లు బస్సుంది. ట్రంకుపెట్టె నేను మోస్తాను.

నిన్ను తీసుకుపోను బళ్లారికి మళ్లీ విమానం వచ్చిందని అమ్మకు నేనే చెబుతాను.

నీ చెల్లెలు