సుషి చుట్టిన చెయ్యి

జూన్ 10, 1969, మంగళవారం

తెలంగాణ గొడవలతో మళ్ళీ బంద్. అశోక్‌నగర్ వీధుల్లో చడీచప్పుడూ లేదు. మావారు ఆఫీసుకి వెళ్ళలేదు. పై గదిలో అద్దెకుంటున్న రేచల్ పనిచేసే నారాయణగూడ స్కూలూ మూసేశారు.

రేచల్ బొంబాయి యూదుల అమ్మాయి. వాళ్ళ నాన్న వ్యాపారం జపాన్‌లో, చిన్నప్పుడు అక్కడే పెరిగింది. వాళ్ళకి మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. మా ఇంట్లో నీచు కూడదన్నామని పాల గిన్నెలే తెచ్చుకుంది. మా కాఫీ కూడా తాగదు. అత్తయ్యకి కోపం రావాలా, రాలేదు. ఆచారం ఉన్న పిల్ల, చూసి నేర్చుకోవే హైమా అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

జూన్ 12, గురువారం

రేచల్‌కి సుషి, అదే జపాన్ వాళ్ళ అన్నం చుట్ట, తినాలని ఉందట. శుక్రవారం పొద్దుగూకితే శనివారం సాయంత్రం దాకా వాళ్ళు పొయ్యి వెలిగించరు. ఇదైతే చల్లగానే తింటారు. నేనూ చేస్తానన్నాను.

చిక్కడపల్లి మార్కెట్లో కీర దోసకాయలు, నిమ్మకాయలు కొన్నాం. అసలు వెనిగర్ వెయ్యాలి. అది ద్రాక్షసారాతో చేసిందేమోనని అనుమానం, బయటివాళ్ళు చేసిన ద్రాక్షసారా వాళ్ళు ముట్టరు. అందుకని నిమ్మకాయ. అసలు చేప కూడా పెడతారట, మా ఇంట్లో ఆ మాటే లేదు. పనిమనిషి బాలనాగమ్మ చూసి చూసి, గింత పరేషాన్ ఎందుకమ్మా, పులిహోర జేసుకుంటే అయిపోతది గద అంది.

జూన్ 13, శుక్రవారం, సాయంత్రం నాలుగు

పెరటి వరండాలో రేచల్ స్టవ్, రేచల్ గిన్నెలు. మన అన్నం పొడిపొడిగా ఉంటుందని గంజి వార్చకుండా మెత్తగా వండింది. నిమ్మరసం, ఉప్పు, పంచదార కలిపింది. నల్ల కాగితంలాంటి సముద్రపు నాచు వాళ్ళ నాన్న పార్సెల్‌లో పంపారు. పురుగుందేమోనని ఒక్కో రేకూ ఎండకి పట్టి చూసింది. వెదురు చాప మీద నాచు, దాని మీద అన్నం, మధ్యలో దోసకాయ ముక్క. ఇక చుట్టడమే. నా మొదటిది విచ్చుకుపోయింది. రెండోది నిలబడింది. భలే సంతోషమేసింది.

తింటే చప్పగా ఉంది. రేచల్ కత్తి కడగడానికి పైకి వెళ్ళింది. అత్తయ్య నిద్రలో ఉన్నారు. వంటింట్లోకి పరిగెత్తి ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టాను. అన్నం ముట్టిన చెయ్యి అంటు, కడుక్కోకుండా దేన్నీ తాకకూడదని పెళ్ళైన నాటి నుంచీ వింటున్నదాన్ని.

ఎంత బాగుందో ఆ ముక్క.

జూన్ 14, శనివారం

జాడీలో మెతుకులు. అత్తయ్య చూశారు. ఏడాదికి పెట్టిన ఆవకాయంతా అంటయిపోయింది. మనింటి అన్నం ఇలా ముద్దగా ఉండదు, ఇది ఆ పిల్ల పనే అన్నారు. నా కోడలు పదేళ్ళలో ఒక్కసారి ఇలా చేసిందా అన్నారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని చెప్పి రమ్మన్నారు.

చెప్పి వచ్చాను.

రేచల్ గొంతు పెంచలేదు. జాడీ తను ముట్టలేదంది. మా అమ్మ వంటింట్లో ఇలా జరిగితే మా అమ్మా ఇంతే చేసేది అంది. విద్యానగర్‌లో గది చూసుకుంటానంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 15

ఖాళీ జాడీ తోమి ఎండలో బోర్లించాను.

జూన్ 16, సోమవారం

పైన పెట్టె సర్దుతున్న చప్పుడు. ఇక ఉండలేకపోయాను. అత్తయ్య భోజనానికి పీట మీద కూర్చుంటుంటే చెప్పేశాను. ఆ చెయ్యి నాది అన్నాను.

అరుస్తారనుకున్నాను. లేచారు. మోకాళ్ళ నొప్పులతో ఎన్నడూ ఎక్కని మెట్లు ఒక్కొక్కటే ఎక్కారు. గడప ఇవతలే నిలబడి, అమ్మాయీ, తప్పు మాది, వెళ్ళకు అన్నారు. రేచల్‌కి తెలుగు రాదు. అత్తయ్య నా వైపు తిరిగి, చెప్పవే, చెయ్యి ఎవరిదో అది కూడా చెప్పు అన్నారు.

ఇట్ వజ్ మై హ్యాండ్ అన్నాను.

జూన్ 19

రేచల్ పెట్టె విప్పేసింది. మధ్యాహ్నాలు తను పై మెట్టు మీద, అత్తయ్య కింద కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. నన్ను పిలవడం లేదు.