ఎడమచెయ్యి ఎత్తని వదినగారికి

బుధవారం, మధ్యాహ్నం.

పూజ్యులైన వదినగారికి,

మీ తమ్ముడి భార్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్యగారి మోకాలి నొప్పి కాస్త నయం. శనివారం పోటీ తర్వాత మీరు ఈ వైపు రాలేదు. మీ ఎదుట నాకు మాట పెగలదు కాబట్టి రాస్తున్నాను.

ఐదో తరగతితో ఆగిన నా చదువు ఆడవాళ్ల బడిలో మళ్లీ మొదలవడం మీకు గిట్టలేదు. ఆ బడి ఆఫీసులో మీరు గుమాస్తా. అందరూ మూడు వారాలు ఏదో ఒక కొత్త ఆట నేర్చుకోవాలంటే నేను క్యారమ్స్ అని రాసిచ్చాను. మీరు అది కొట్టేసి కత్తిసాము, అదే ఫెన్సింగ్, అని రాశారు. పైగా, నోట్లో నాలుక లేనిది చేతిలో కత్తితో ఏం చేస్తుందో చూద్దాం రండే అని టీ తాగేచోట నవ్వారట. అది చాలక మీరూ అదే తరగతిలో చేరారు. చివరి రోజు పోటీకి అత్తయ్యగారిని పిలిచారు. పదిమందిలో పరువు తీస్తే బడి మానిపిస్తానని ఆవిడ ముందే అన్నారు. మీకు కావలసిందీ అదే.

మొదటి వారం మోకాళ్లు వంచి నిలబడటమే నేర్పారు. తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. కానీ ఆ జల్లెడలాంటి ముసుగు పెట్టుకుంటే నా ముఖం ఎవరికీ కనపడదని తెలిశాక సిగ్గు వేయలేదు. పెళ్లయిన రెండేళ్లలో మీ కళ్లలోకి సూటిగా చూసింది దాని వెనక నుంచే.

మాస్టారు పెట్టిన నియమం ఒకటే. కత్తి మొన తగిలినవాళ్లే ఎడమచెయ్యి ఎత్తి, తగిలిందని చెప్పాలి. ఎదుటివాళ్లు అడగకూడదు. తనూ చెప్పనన్నారు.

శనివారం మనిద్దరికీ జోడీ పడింది. నా కత్తి మీ భుజం మీద విల్లులా వంగింది. మీరు చెయ్యి ఎత్తలేదు. కడుపు మీద వంగింది. ఎత్తలేదు. మూడోసారి అబ్బా అని కూడా అన్నారు, చెయ్యి మాత్రం లేవలేదు. బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి. మీ కత్తికి మాత్రం నేను వెనక వరసకు వినపడేలా తగిలిందన్నాను, ఐదుసార్లు. ఐదో దెబ్బతో ఆట ముగిసింది, ఐదుకు సున్నా. మీరే గెలిచారు. చప్పట్లు కొట్టినవాళ్లు నావైపు చూసి కొట్టారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అత్తయ్యగారు, నా కూతురు తేలు కుట్టిన దొంగలా నిలబడిందే, నువ్వు మానక్కర్లేదమ్మా, పై తరగతికి కూడా వెళ్లు అన్నారు. మీరు బడి వరండాలో నడుస్తుంటే ఆడవాళ్లు ఎడమచేతులు ఎత్తుతున్నారట. ఒట్టు, నేను ఎవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని,
మరదలు.

తా.క.: ఆ ఐదో దెబ్బ నాకు తగల్లేదు. మీ కత్తి నాకు జానెడు దూరంలోనే ఆగింది. మాస్టారు మీ వెనక ఉన్నారు, ఆయనకు కనపడలేదు. మీకు కనపడింది. నేను అబద్ధంగా చెయ్యి ఎత్తాను. తగల్లేదని మీరు ఒక్క మాట అని ఉంటే దొంగను నేనయ్యేదాన్ని, ఆ రోజుతో నా బడి ఆగిపోయేది. మీరు అనరని నాకు తెలుసు వదినగారూ.