వెండెల్ విడాకుల కాగితం

టొలీడో,
నవంబరు 4

డార్లీన్ గారికి,

లొరెట్టా నమస్కరించి రాయునది. మీరూ మీ అమ్మగారూ కులాసా అని తలుస్తాను. నా పేరు చూడగానే మొహం చిట్లించి ఉంటారు. అయినా చివరిదాకా చదవండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

వెండెల్ గుండె కవాటం పాడైంది. డిసెంబరు 19న ఆపరేషన్. ఇళ్ళకు పైకప్పులు వేసుకునే మనిషికి బీమా ఎక్కడిది? బడి వంటశాలలో పనిచేస్తున్నాను కాబట్టి, పెళ్ళి కాకపోయినా జీవిత భాగస్వామిగా నా బీమాలోనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ మా మాట చాలింది. ఈ ఏడు బీమావాళ్ళు అందరినీ రుజువులు తెమ్మన్నారు.

అద్దె ఒప్పందం, గ్యాసు బిల్లులు, పదమూడేళ్ళుగా మా ఇద్దరి పేర్లూ ఉన్నవన్నీ చెప్పుల పెట్టెలో పట్టుకెళ్ళాను. ఆఫీసులో పట్రీస్ అనే అమ్మాయి అన్నీ తిరగేసి, ఇవన్నీ సరేనమ్మా, ఆయన విడాకుల కాగితమేదీ అంది. ఇంకా భార్య ఉన్నవాడిని మరొకరి భాగస్వామిగా ఒప్పుకోరట. కాగితాల మీద మీరింకా ఆయన భార్యే కదా. డిసెంబరు 15లోగా కోర్టు తీర్పు తేకపోతే పేరు కొట్టేస్తారు. కోర్టులో వేశాక ముప్పై రోజులు ఆగాలట. అంటే ఈ వారమే మీ సంతకం కావాలి.

మొన్న ఫోనులో మీరు నవ్వారు. పదకొండేళ్ళ కిందటే సంతకం పెట్టి పంపాను, నన్ను వదల్లేకే వాడు కోర్టులో వెయ్యలేదు, ఆ మాట వాడొచ్చి ఒప్పుకుంటే మళ్ళీ పెడతానన్నారు. వెండెల్‌తో చెబితే, అది పంపితేగా, నన్ను ఏడిపించడానికే తొక్కిపెట్టింది, దాన్ని బతిమాలేకంటే చావడం నయం అని ఊగిపోయాడు. ఆ మాత్రానికే ఆయాసమొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నాకు భయంగా ఉంది, డార్లీన్ గారూ. దయచేసి వచ్చి సంతకం పెట్టండి.

ఇట్లు,
లొరెట్టా

తా.క.: అంటించిన కవరు మళ్ళీ విప్పాను. పదకొండేళ్ళ కిందట మీరు పంపిన కాగితాలు అప్పట్లోనే మా ఇంటికి చేరాయి. తపాలా పెట్టెలోంచి తీసింది నేనే. అవి రాగానే కోర్టులో వేసి, తీర్పు వచ్చిన మర్నాడే పెళ్ళి అని వెండెల్ అప్పటికే కొత్త చొక్కా కొనుక్కున్నాడు. మొదటి మొగుడి చేతిలో తిన్న దెబ్బలకు నాకు పెళ్ళంటేనే వణుకు. వద్దంటే వెళ్ళిపోతాడేమోనని పిండి డబ్బా వెనక దాచేశాను. మీరు అబద్ధమాడలేదు, ఆయనా ఆడలేదు. ఇన్నేళ్ళ పాత సంతకం కోర్టులో చెల్లదట, నా మాటకు రుజువుగా ఆ కాగితాలు ఇందులో పెడుతున్నాను.

ఇదంతా వెండెల్‌కు చదివి వినిపించాను. పొద్దుటినుంచీ నా చేతి కాఫీ కూడా ముట్టలేదు. కొత్త కవరు మీద మీ చిరునామా మాత్రం తనే రాశాడు.