దక్షిణాన కనపడని జంట

జూలై 8
మా ఆయన లాప్‌టాప్‌ను ట్రంకులో పెట్టేశారు. యూనివర్సిటీకి ఇక వెళ్లరట. ఆరేళ్ల చదువు... మామయ్యకు సంబరం — "చుక్కల పని అయిపాయె. ఇగ పత్తి సూస్కో బిడ్డా."
ఆయన నవ్వలేదు.

జూలై 10
పెళ్లయిన కొత్తలో అడిగాను, అవి ఏ చుక్కలని. ఎంత ఇష్టంగా చెప్పారో. రెండు చిన్న గెలాక్సీలు ఒకదాన్నొకటి లాగుతుంటే మధ్యలో పల్చగా, పొగలా ఒక వంతెన సాగిందట. ఆ వంతెనలో ఒక జంట. ఒకటి బతికున్న చుక్క, ఒకటి చచ్చినది. చచ్చినది తిరుగుతూ దగ్గరికొచ్చినప్పుడు బతికున్నదాని ఒంటి మీది వాయువును లాక్కుంటుంది. అప్పుడు ఎక్స్‌రేలు పుడతాయి. కొన్నాళ్లు వెలిగి ఆరిపోతుంది.
"ఏ దిక్కున ఉంటయ్?"
దక్షిణానికి చెయ్యి చూపారు. "మనకు కనపడయ్. నేల కిందికే ఉంటయ్."
ఏడో తరగతి చదివినదాన్ని. అయినా అర్థమైంది.
ఆ వెలుగును ఆయన ఒక్కసారే పట్టుకున్నారు. యూనివర్సిటీలో పెద్ద సైంటిస్టులు పొరపాటన్నారు.

జూలై 11
ఆయనకు చదువు చెప్పిన సారు ఫోన్. లేనని చెప్పమని ఆయన చేత్తో సైగ చేశారు.
"లేరండీ" అన్నాను.

జూలై 12
మళ్లీ సారు. ఆయన చేనులో, ఫోన్ ఇంట్లో. ఎత్తాను.
"అతనికి చెప్పమ్మా. ఆ జంట మళ్లీ వెలిగింది. రేపు సాయంత్రం ఆరింటిలోగా అర్జీ పంపితే పెద్ద టెలిస్కోప్‌తో చూస్తారు. అతని పేరు మీదే వెళ్లాలి. ఆరిపోతే మళ్లీ ఎప్పుడో..."
చేనుకు పరుగు. మోకాళ్ల దాకా బురద. ఆయన పత్తికి మందు కొడుతున్నారు, పక్క సాలులో మామయ్య. మామయ్య ఎదుట ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు...
"ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్?" అన్నారు మామయ్య.
"నీళ్లు తెచ్చిన."
"చెంబేది మరి?"
ఇద్దరూ నవ్వారు. తిరిగొచ్చేశాను.
అన్నం పెడుతూ చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది. "మల్ల పొరపాటే అంటరు. మల్ల అడుక్కోవాల్నా?"
సగం కంచం వదిలేశారు.

జూలై 13
నాలుగు గంటలు. ఫోన్ నా చేతిలో పెట్టారు. "పంపనని నువ్వే చెప్పు సారుకు." నా మొహం చూడలేదు.
చేశాను. ఆ ముక్క నోట రాలేదు.
"సార్, ఎల్లుండి దాకా ఆగదా అది?"
"దానికి మన సంగతి తెలియదమ్మా." పెట్టేసే ముందు అన్నారు, "ఆరింటి దాకా ఇక్కడే కూర్చుంటాను."

ఐదున్నర.
"చెప్పినవా?"
తలూపాను.
"ఏమన్నరు?"
"ఆరింటి దాకా కూర్చుంటరట."
లోపలికీ రాలేదు, చేనుకూ పోలేదు. గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని ఏమని పిలవను...