దాటేసిన ఏడో వాక్యం

వృద్ధాప్య పరిశోధన కేంద్రంలో సమ్మతి పత్రాలు చదివి వినిపించే ఉద్యోగం చేసిన నేను, ఇరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి కనుక ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయాయి, మతి స్థిమితంగానే ఉంది. కేంద్రం మీద సోమవారం జరిగే విచారణలో సాక్ష్యం చెబితే ఈసారి మెడ విరుస్తామన్నారు అక్కడి అటెండర్లు. చెబుతాను.

1. నా ట్రంకుపెట్టెలోని నూట పన్నెండు సమ్మతి పత్రాలు హైస్కూలు టీచరమ్మకు చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆవిడదే. నేను చచ్చినా బతికినా అవి విచారణ అధికారి బల్ల మీదికి చేరాలి. ప్రతి పత్రంలోనూ ఏడో వాక్యం: "ఇష్టం లేకపోతే మధ్యలోనైనా ఆపమనవచ్చు." అది చదివితే ముసలివాళ్లు ప్రశ్నలు వేస్తారని, ఆలస్యమవుతుందని డాక్టరు దాటేయమన్నాడు. దాటేశాను. మా ఇంట్లో చదువొచ్చిన మొదటిదాన్నని వీధంతా నన్ను నమ్మి వేలిముద్ర వేసింది. అమ్మమ్మ కూడా.

2. డాక్టరుకు నా ఎడమకాలి చెప్పు. పరిశోధనకని తొడలోంచి కండ ముక్క తీస్తుంటే, మొద్దుబార్చే మందు ఇంకా పట్టక, అమ్మమ్మ "ఆపు నాయనా, చచ్చిపోతున్నా!" అని అరిచింది. "ముద్ర వేశావుగా ముసల్దానా, కదలకు" అన్నాడు. ఇద్దరు అటెండర్లు భుజాలు నొక్కారు. కాళ్లు పట్టుకున్నది నేను. ఆమె గింజుకుంటే సూది ఎముకదాకా దిగింది. నెత్తురు నా చెప్పులోకి కారింది. దాన్ని కడగలేదు. అమ్మమ్మ కాలు మళ్లీ నేలకు ఆనలేదు.

3. అన్నయ్యకు నా సైకిలు. కబేళాలో అతను వాడే కత్తి నేనే దాచాను. డాక్టరు గొంతు కోస్తానని ఊగిపోతున్నాడు. ఎక్కడుందో వదినకు తెలుసు. విచారణ ముగిశాకే ఇవ్వాలి. కోయడం నీకు చేతనవును అన్నయ్యా, కానీ చచ్చినవాడు జవాబు చెప్పడు.

4. పత్రాలు తెచ్చేశానని తెలిసి నా వేళ్లు తలుపు సందులో పెట్టి విరిచిన అటెండర్లకు ఏమీ లేదు. తలుపు నెడుతూ "ఏమనుకోకు చెల్లెమ్మా" అన్న పొడుగాయనకు మాత్రం నా గొడుగు. అతని పేరూ చెప్పక తప్పదు.

5. నా శవాన్ని ఆ కేంద్రానికి ఇవ్వకూడదు. నా వేలిముద్ర ఉన్న కాగితం ఏదైనా చూపిస్తే నమ్మకండి. నేను సంతకం నేర్చినదాన్ని.

6. అమ్మమ్మకు ఏమీ రాయడం లేదు. ఆస్తి పొందేవారు సాక్షి కాకూడదట. నాకు ఆమె సాక్ష్యం కావాలి. పై అయిదూ ఒక్క వాక్యం దాటకుండా ఆమెకు చదివాను. కాళ్లు పట్టుకున్నది నేనన్న చోట "ఆపు" అంది. ఆపాను. గోడవైపు తిరిగి చాలాసేపు పడుకుంది. నీళ్లడిగి తాగింది. తర్వాత "ఊఁ, చదువు" అంది.

తేదీ: ఆగస్టు 19, శనివారం
సంతకం: పెద్ద మనవరాలు (ఎడమచేత్తో)

సాక్షులు:
వీధి చివరి టైలరు – సంతకం
అమ్మమ్మ – తానే చెయ్యి చాపి వేసిన వేలిముద్ర